రబ్బరు మీటల కంప్యూటరు, దాన్ని బిగించిన చేతులు

కంప్యూటర్ల చరిత్ర ఎక్కడ చదివినా దాదాపు ఒకటే కథ. ఒక తెలివైన కుర్రాడు, ఒక కారు షెడ్డు, మొండి పట్టుదల, ఆ తర్వాత కోట్లు. ఆ కథలో అమ్మ కనిపించేది ఒకే ఒక్క చోట. "రెండైంది, ఇంక పడుకోరా" అంటూ గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. అంతే, మళ్లీ కనిపించదు.

నాకు ప్రోగ్రామింగ్ రాదు. నేను చదివింది బీఏ తెలుగు. అయినా ఈ మధ్య ఒక పాత కంప్యూటరు గురించి దొరికిందల్లా చదువుతున్నాను. మా వారు "ఇప్పుడు దాన్ని కొంటావా ఏంటి?" అని నవ్వుతున్నారు కూడా. దాని కథలో ఆడవాళ్లు గుమ్మం దగ్గర లేరు. ఫ్యాక్టరీ లోపల, బల్లల ముందు వరసగా కూర్చుని దాన్ని బిగిస్తున్నారు. నన్ను పట్టేసింది అదే.

ఈ సంగతి చెప్పింది మా పిన్ని కూతురు. స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేసుకుంటోంది. ఒకరోజు ఫోన్లో, "అక్కా, మన విజయనగరం వైపు జూట్ మిల్లులున్నాయి కదా, ఇదీ జూట్ ఊరేనే. దీన్ని ఆడవాళ్ల ఊరు అనేవాళ్లట. జూట్ పోయాక కంప్యూటర్లు కూడా ఇక్కడి ఆడవాళ్లే చేశారట" అంది. గోనెసంచికీ కంప్యూటరుకీ సంబంధమేమిటా అని మొదలుపెట్టాను. చాలా సంబంధమే ఉంది.

ఇంతకీ ఏమిటా కంప్యూటరు?

పేరు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన కంపెనీ 1982 ఏప్రిల్ 23న విడుదల చేసింది. అంతకుముందే ఆయన 1980లో జెడ్‌ఎక్స్80, 1981లో జెడ్‌ఎక్స్81 అని రెండు చిన్న కంప్యూటర్లు తెచ్చాడు. జెడ్‌ఎక్స్81 ధర 69 పౌండ్ల 95 పెన్నీలు. విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లో మనమే బిగించుకుంటామంటే 49 పౌండ్ల 95 పెన్నీలే. దాని తెర నలుపు తెలుపు. స్పెక్ట్రమ్‌తో రంగులొచ్చాయి. చిన్నది 125 పౌండ్లు, పెద్దది 175. అప్పుడే బీబీసీ వాళ్లు తమ పేరుతో చేయించిన బీబీసీ మైక్రో అనే కంప్యూటరుంది. అందులో పెద్దది మొదట్లోనే 335 పౌండ్లు. అంటే బీబీసీది బడికి, స్పెక్ట్రమ్ ఇంటికి అన్నట్టు అయింది.

చూడ్డానికి నల్లగా, ఒక పుస్తకమంత. దాని మీద బూడిదరంగు రబ్బరు మీటలు నలభై, ఒక మూల వానవిల్లులా రంగుల చారలు. మామూలు కీబోర్డుకి వందల విడిభాగాలు కావాలి. ఇక్కడ మీటలన్నీ కలిపి ఒకే రబ్బరు పలక, దాని కింద పల్చటి పొర, పైన ఒక లోహపు రేకు. ఖర్చు అలా తగ్గించారు. ఒత్తితే మెత్తగా దిగేవట. పిల్లలు మురిపెంగా, టైపింగ్ వచ్చిన పెద్దలు చిరాగ్గా చెప్పుకునేవాళ్లు.

దీన్ని ఎనిమిది బిట్ల కంప్యూటరు అంటారు. నాకు అర్థమైనట్టు చెప్తాను. కాగు నిండా నీళ్లు పోయాలి, చేతిలో ఉన్నది చిన్న చెంబు. చెంబుకి ఎనిమిది గుక్కల నీళ్లే పడతాయి. మరి కాగు నిండాలంటే చెంబు ఎంత వేగంగా తిరగాలి? స్పెక్ట్రమ్‌లోని ప్రాసెసర్ ఒకసారికి ఎనిమిది బిట్లే పట్టుకునేది గానీ, దాని లోపలి గడియారం సెకనుకు 35 లక్షల సార్లు టిక్కుమనేది. ఇక మెమరీ 48 కిలోబైట్లు. మన ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో మూడు మెగాబైట్లు అనుకుంటే, అది పట్టడానికి 64 స్పెక్ట్రమ్‌లు కావాలి. ఆ కాస్త చోటులోనే బొమ్మలు కదిలే ఆటలూ, ఇంటి ఖర్చుల లెక్కలూ, చదరంగమూ అన్నీ ఇరికించారు. చిన్న వంటింట్లో సామాను సర్దడం తెలిసినవాళ్లకి ఆ నేర్పు ఏమిటో ఇట్టే అర్థమవుతుంది.

దానికి సొంత తెర లేదు, సొంత డిస్కు లేదు. తెర అంటే ఇంట్లో ఉన్న టీవీయే. దాచుకోవడానికి టేప్ రికార్డరు. మనం పాటలు విన్న క్యాసెట్ల మీదే ప్రోగ్రాములు ఉండేవి, అదీ శబ్దం రూపంలో. లోడ్ అనే మాటకి ఒకే మీట ఉంది. అది నొక్కి, కోట్ గుర్తులు రెండు కొట్టి, టేపు ప్లే చేస్తే చెవులు చిల్లులు పడేలా ఒక కీచు రొద. టీవీ అంచుల్లో రంగు చారలు పరుగెత్తేవి. పెద్ద ఆట లోపలికి వెళ్లాలంటే ఐదు నిమిషాల దాకా పట్టేది. నాలుగున్నర నిమిషాలయ్యాక టేప్ లోడింగ్ ఎర్రర్ అని వచ్చేది. మళ్లీ మొదటికి తిప్పడం, వాల్యూమ్ కొంచెం పెంచడం, మళ్లీ ఆ రొద. హాల్లో ఉన్న ఒక్క టీవీని పిల్లాడు సాయంత్రమంతా పట్టుకుని ఇలా కీచుమనిపిస్తుంటే, ఆ ఇంటావిడ తన సీరియల్ ఎప్పుడు చూసుకుందో పాపం.

అయినా కొన్నారు. ఆ వంశంలో అన్నీ కలిపి 50 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పత్రికల్లో ప్రోగ్రాములు అచ్చువేస్తే, పిల్లలు పేజీలకు పేజీలు చూసి కొట్టుకునేవాళ్లు. ఒక్క కామా తప్పినా నడవదు. మళ్లీ మొదటినుంచీ వెతకాలి. అలా వెతికి వెతికే ఒక తరం ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. మ్యాథ్యూ స్మిత్ అనే కుర్రాడు 1983లో మానిక్ మైనర్ అనే ఆట రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. అప్పటికి అతనికి పదిహేడేళ్లు.

చరిత్ర పుస్తకాలు ఎక్కువగా ఇక్కడితో ఆపేస్తాయి. సింక్లెయిర్ ఊహ, రిచర్డ్ ఆల్ట్‌వాసర్ సర్క్యూటు, స్టీవ్ వికర్స్ రాసిన బేసిక్ భాష, రిక్ డికిన్సన్ గీసిన పెట్టె. నలుగురూ గొప్పవాళ్లే, కాదనను. కానీ కాగితం మీద గీసిన బొమ్మ లక్షల పెట్టెలుగా మారాలంటే ఎవరో చెయ్యాలి కదా. సింక్లెయిర్‌కి సొంత ఫ్యాక్టరీ లేదు. ఆ పని డండీలోని టైమెక్స్‌కి ఇచ్చాడు. మనకు చేతి గడియారాల వల్ల తెలిసిన టైమెక్సే.

కెటిల్ కాచే మగవాళ్లు

డండీ గురించి మూడు మాటలు చెప్తారు. జ్యూట్, జామ్, జర్నలిజం. ఇందులో ఊరిని నిలబెట్టింది మొదటిది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి గోనెగుడ్డ కావాలంటే డండీయే. జనపనార పెళుసు. మరమీద సాగాలంటే నూనె పట్టించి మెత్తబరచాలి. డండీ అప్పటికే తిమింగలాల వేటకు పెద్ద రేవు. తిమింగలం నూనె ఉంది, నార ఓడల మీద బెంగాలు నుంచి వచ్చేది. మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. మంచి రోజుల్లో సుమారు 50 వేల మంది వాటిలో పనిచేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

ఆడవాళ్లను ఎందుకు పెట్టుకున్నారంటారా? జీతం తక్కువ కాబట్టి. మగపిల్లల్ని కూడా చిన్నప్పుడు పెట్టుకుని, పద్దెనిమిదేళ్లొచ్చి పెద్దవాళ్ల జీతం ఇవ్వాల్సి రాగానే పంపేసేవాళ్లు. దాంతో పెళ్లాం మిల్లుకి, మొగుడు ఇంట్లో. అలా ఇంటిపట్టున ఉండి టీనీళ్లు కాచే మగవాళ్లకి ఆ ఊళ్లో ఒక పేరుండేది, కెటిల్ కాచేవాళ్లు అని. ఊరికి ఆడవాళ్ల ఊరని పేరు. మరల మోతలో మాట వినబడదు. చేతి సైగలతో, పెదాల కదలికలు చూసి మాట్లాడుకునేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉండి చాలామందికి చెవుడు వచ్చింది. సంపాదన చేతిలో ఉంది కాబట్టి నోరూ గట్టిదే అనేవాళ్లట డండీ ఆడవాళ్లను. ఆ మాటను మెచ్చుకోలుగానూ అన్నారు, తిట్టుగానూ అన్నారు.

1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి జూట్ మిల్లు పెట్టారు. దానికి యంత్రాలు డండీ నుంచే వచ్చాయి. తర్వాత హుగ్లీ ఒడ్డు పొడుగునా మిల్లులు లేచాయి. మేనేజర్లు, ఓవర్సీర్లు డండీ నుంచి ఓడెక్కి వచ్చారు. కూలీలు ఎక్కడెక్కడినుంచో వచ్చారు, మన శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి కూడా. టిటాగఢ్‌లో తెలుగువాళ్ల పేటలే ఉండేవి. మా అమ్మమ్మ వైపు చుట్టాల్లో ఒకాయన్ని "కలకత్తా తాత" అనేవాళ్లం. టిటాగఢ్ మిల్లులో బతుకంతా గడిపి, దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చాడు. తర్వాత నెల్లిమర్లలో, చిట్టివలసలో మిల్లులు వచ్చాయి. మా చుట్టుపక్కల పొలాల్లో గోగునార వేసేవాళ్లు. చెరువుల్లో ఊరబెట్టిన నార వాసన తెలియని పిల్లలు మా తరంలో లేరు. స్కాట్లండ్‌లో ఆ ఊరు ఎక్కడుందో మ్యాపులో చూపించలేకపోయినా, దాని దారం కొస ఒకటి మా ఇళ్లలోనే ఉంది.

ఇక్కడ కూలి ఇంకా చౌక కాబట్టి హుగ్లీ మిల్లులు పెరిగేకొద్దీ డండీ మిల్లులు తగ్గుతూ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం సగానికి ఆ ఊళ్లో పని తెలిసిన ఆడవాళ్లున్నారు, పని లేదు. 1940ల చివర్లో టైమెక్స్ వచ్చి గడియారాల ఫ్యాక్టరీ పెట్టింది. మిల్లు కూలీల కూతుళ్లు అందులో చేరారు. ఒక దశలో ఆరేడు వేల మంది పనిచేశారంటే, ఊళ్లో టైమెక్స్‌తో సంబంధం లేని ఇల్లు వెతుక్కోవాలి.

"నాజూకు వేళ్లు"

గడియారాల లోపలి పనికి ఆడవాళ్లే కావాలన్నారు. కారణం, వాళ్ల వేళ్లు నాజూకు, చురుకు, ఓపిక ఎక్కువ. తర్వాత సింక్లెయిర్ కంప్యూటర్లు వచ్చినప్పుడూ అదే మాట. పచ్చటి సర్క్యూటు పలక మీద గింజల్లాంటి విడిభాగాలను వాటి వాటి రంధ్రాల్లో ఒక్కటీ తప్పకుండా గుచ్చాలి. టంకం పడ్డాక చూడాలి. పరీక్ష పెట్టాలి. పొర, రబ్బరు పలక, రేకు అమర్చి మూత బిగించాలి. ఒక గింజ తిరగబడి కూర్చుంటే పెట్టె నడవదు.

ఈ నాజూకు వేళ్ల మాట వినడానికి పొగడ్తలా ఉంటుంది. కానీ గమనించండి. వేళ్లు పుట్టుకతో వచ్చాయంటే, పని నేర్చుకున్నది కాదని అర్థం. నేర్చుకున్న పని కాకపోతే దానికి నైపుణ్యం జీతం ఇవ్వక్కర్లేదు. మగవాళ్లు చేసే పనిముట్ల విభాగానికి అప్రెంటిస్ శిక్షణ, నిపుణుడనే హోదా, దానికి తగ్గ జీతం. పూటకి వేల గింజలు తప్పు లేకుండా గుచ్చే ఆవిడది మాత్రం ఆడవాళ్ల సహజగుణం.

మన ఇళ్లలోనూ ఇదే మాట వేరే రూపంలో వింటాం. "ఆవకాయ పెట్టాలంటే మీ అత్తగారి చెయ్యే, ఆ చేతిలోనే ఏదో ఉంది." ఏముంది చేతిలో? నలభై వేసవులు కాయ ఎంచడం, ముక్క తుడవడం, ఉప్పు పాళ్లు చూడటం ఉంది. చేతిలో ఏదో మహిమ ఉందన్నామంటే, ఆ నలభై ఏళ్లూ లెక్కలోంచి పోయినట్టే.

హాల్లోంచి అబ్బాయి గదిలోకి

ఇక ఆ పెట్టె ఇళ్లలోకి వెళ్లాక ఏమైంది? పేరు ఇంటి కంప్యూటరు. కానీ ఇంట్లో అది ఎవరిది?

అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు 1990ల చివర్లో ఈ విషయం మీద కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను వివరంగా అడిగి తెలుసుకున్నారు. చిన్నప్పుడు మీ ఇంట్లో కంప్యూటరు ఎవరిదని అడిగితే, అది అబ్బాయి గదిలోనే ఉండేదన్న మాట ఎక్కువగా వచ్చింది. ఆడపిల్ల ఆసక్తి చూపించినా కొన్నది అన్నకో తమ్ముడికో. ఆమె వెనక నిలబడి చూసేది. కాలేజీలో చేరేసరికి అబ్బాయిలు అప్పటికే పదేళ్లు దానితో ఆడి ఉన్నారు. ఈమె మొదటిరోజే వెనకబడి, ఇది నాకు రాని విద్య అనుకుంది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకున్న వాళ్లలో ఆడవాళ్లు 1980ల మధ్యలో 37 శాతం దాకా ఉండేవాళ్లు. ఇంటి కంప్యూటర్లతో పెరిగిన తరం కాలేజీకి వచ్చేకొద్దీ అది పడిపోతూ వచ్చింది. చిత్రం కదా, కంప్యూటరు ఇంట్లోకి వచ్చాక ఆడపిల్లలు దానికి దూరమయ్యారు. కార్నెగీ మెలన్ వాళ్లు ఇది తెలుసుకున్నాక, ముందు అనుభవం లేకపోయినా తీసుకోవడం, వాళ్లకు వేరే మొదటి తరగతులు పెట్టడం చేశారు. 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరిన వాళ్లలో 7 శాతం ఉన్న ఆడపిల్లలు 2000కి 42 శాతం అయ్యారు. ఐదేళ్లలో ఆడపిల్లల మెదడు మారదు. తలుపు తెరుచుకుంది, అంతే.

మనకు ఇంటికంటే ముందు బడికి వచ్చాయి కంప్యూటర్లు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. మా బడి ఆ జాబితాలో లేదు. నేను కంప్యూటరును దగ్గరగా చూసింది 1999లో, అదీ ఒక ఇన్‌స్టిట్యూట్ అద్దాల తలుపు బయటినుంచి. మా అన్నయ్యను అమీర్‌పేటలో కోర్సులో చేర్పించిన సంవత్సరం అది. ఇంట్లో ఒక్కరి ఫీజే కట్టగలరు. ఆ ఒక్కరు ఎవరని ఎవరూ చర్చించలేదు. "నీకు తెలుగంటే ఇష్టం కదమ్మా" అన్నారు నాన్న. నిజమే, ఇష్టమే. ఇప్పటికీ ఇష్టమే. కానీ ఇష్టం ఉందని అడిగి బీఏలో చేర్పించడం వేరు, ఫీజు లేక చేర్పించి ఇష్టాన్ని కారణంగా చెప్పడం వేరు.

ఫీజు ఎక్కడిదో కూడా చెప్తాను. అమ్మ నాలుగు గాజుల్లో రెండు బ్యాంకులో కుదువకి వెళ్లాయి. అన్నయ్య ఇవాళ టెక్సాస్‌లో బాగున్నాడు, మంచివాడు కూడా. తన కథ పిల్లలకు చెప్పేటప్పుడు నలుగురు కలిసి ఉన్న గది, రోజూ తిన్న సాంబారన్నం, రాత్రుళ్లు నేర్చుకున్న జావా, అన్నీ చెప్తాడు. గాజులు చెప్పడు. దాచిపెట్టి కాదు, అతనికి అది కంప్యూటరు కథలో భాగమని తోచదు. మొన్న వచ్చినప్పుడు నేనే మధ్యలో అందుకుని, "నానమ్మ గాజులు కూడా చెప్పన్నయ్యా" అన్నాను. మేనకోడలు "ఏ గాజులు?" అని అడిగింది. అమ్మ "ఇప్పుడెందుకే అవన్నీ" అంటూనే, అంతా తనే చెప్పింది. ఏ బ్యాంకో, ఎంత ఇచ్చారో, విడిపించడానికి ఎన్నాళ్లు పట్టిందో పైసలతో సహా గుర్తుంది ఆవిడకి.

గుమ్మం దాటి లోపలికి వెళ్లిన ఆడవాళ్లు స్పెక్ట్రమ్ కాలంలోనూ ఉన్నారు. 1982లో వచ్చిన ద హాబిట్ అనే ఆట ఆ కంప్యూటరు మీద ఎంతో పేరు తెచ్చుకుంది. మాటలతో ఆడే ఆట. ఏం చెయ్యాలో వాక్యంలా రాస్తే కంప్యూటరు అర్థం చేసుకుని జవాబిస్తుంది. మనం ఏమీ చెయ్యకపోయినా కథలోని మిగతా పాత్రలు తమ పని తాము చేసుకుపోతుంటాయి. అప్పటికి అది కొత్త. దాని రూపకర్తల్లో ముఖ్యురాలు వెరోనికా మెగ్లర్, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ యూనివర్సిటీ విద్యార్థిని. చదువుకుంటూ పార్ట్‌టైముగా చేసింది ఆ పని. ఆ ఆట ఆడినవాళ్లలో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసో!

గేటు బయట

1983 సింక్లెయిర్‌కి మంచి సంవత్సరం, ఆయన సర్ క్లైవ్ అయిన సంవత్సరం. అదే సంవత్సరం టైమెక్స్ డండీలో గడియారాల తయారీ ఆపేసి, దాదాపు 1,900 ఉద్యోగాలు తీసేస్తానంది. కార్మికులు ఒక ఫ్యాక్టరీలో వారాల తరబడి బైఠాయించారు. అయినా చాలా ఉద్యోగాలు పోయాయి. మిగిలినవాళ్లను నిలబెట్టింది ఆ రబ్బరు మీటల పెట్టెలే.

అదీ ఎంతోకాలం సాగలేదు. 1985 జనవరిలో సింక్లెయిర్ సీ5 అనే మూడు చక్రాల బ్యాటరీ బండి తెచ్చాడు. జనం నవ్వారు, డబ్బు పోయింది. 1986 ఏప్రిల్‌లో కంప్యూటర్ల వ్యాపారం యాభై లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ కంపెనీకి అమ్మేశాడు. వాళ్లు తయారీని తైవాన్ వైపు మార్చుకున్నారు. అక్కడ కూలి ఇంకా చౌక. బెంగాలులో చౌక అని నార ఎలా పోయిందో, ఇదీ అలాగే పోయింది. అమ్మమ్మ పోగొట్టుకున్న పని, మనవరాలు కూడా పోగొట్టుకుంది, అదే లెక్కతో. పని ఎటు పోయినా అక్కడ మళ్లీ నాజూకు వేళ్లే దొరుకుతాయి.

టైమెక్స్ తర్వాత వేరే కంపెనీలకు సర్క్యూటు పలకలు చేస్తూ నడిచింది. 1993 జనవరిలో లేఆఫ్‌లు, జీతాల్లో పెంపు లేదు, సౌకర్యాల్లో కోత అన్నారు. 29న సమ్మె మొదలైంది. ఫిబ్రవరిలో పనికి తిరిగొస్తామని వెళ్తే గేట్లు మూసి, 343 మందిని తీసేశారు. బయటివాళ్లను బస్సుల్లో లోపలికి తెచ్చి పని చేయించారు. చలిలో, మంచులో నెలల తరబడి ఆ గేటు ముందు నిలబడినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇరవై, పాతికేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు. పొద్దున్నే పిల్లలకి టిఫిన్ పెట్టి గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ ఆగస్టులో ఫ్యాక్టరీని శాశ్వతంగా మూసేశారు. చివరిదాకా నిలబడినవాళ్లకు పని తిరిగి రాలేదు. ఓడిపోయారు అనొచ్చు. కానీ తగ్గిన జీతానికి తలవంచి లోపలికి వెళ్లలేదన్నది కూడా నిజం.

ఊరు ఏమైంది?

డండీ ఇవాళ వీడియో గేముల ఊరు. టైమెక్స్‌లో అప్రెంటిస్‌గా చేసిన డేవిడ్ జోన్స్ అనే కుర్రాడు, ఉద్యోగం పోయినప్పుడు వచ్చిన డబ్బుతో మంచి కంప్యూటరు కొనుక్కుని, డీఎంఏ డిజైన్ అనే కంపెనీ పెట్టాడు. 1991లో లెమ్మింగ్స్, 1997లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో, రెండూ అక్కడ పుట్టినవే. రెండోది మీ ఇంట్లో మగపిల్లలుంటే మీకూ తెలిసే ఉంటుంది, మా ఇంట్లోలాగే దాని మీద గొడవలు కూడా జరిగి ఉంటాయి. ఆ ఊళ్లోని అబర్టే యూనివర్సిటీ 1997లోనే గేముల డిగ్రీ పెట్టింది. లెమ్మింగ్స్‌కి ఊళ్లో కంచు బొమ్మలు కూడా ఉన్నాయి, మా చెల్లి ఫొటో పంపింది.

ఇంత చిన్న ఊరికి ఇన్ని గేములు ఎలా అని అడిగితే అందరూ చెప్పే జవాబు, ఊళ్లో ప్రతి పిల్లాడి చేతిలో స్పెక్ట్రమ్ ఉండేది కాబట్టి అని. ఎందుకుండేది? వాళ్ల అమ్మో, పిన్నో, అత్తో, పక్కింటావిడో టైమెక్స్‌లో పనిచేసేది కాబట్టి. కారు షెడ్డు కథ కంటే నాకు ఈ కథ నమ్మదగ్గదిగా తోస్తుంది. ఒక ఊళ్లో తెలివైన కుర్రాళ్లు ఒక్కసారిగా ఎక్కువమంది పుట్టరు. ఆ తెలివికి పనిముట్టు ఎవరో అందించాలి.

డిజైన్ గీసినాయన పేరు చరిత్రలో ఉండాలి, తప్పకుండా. నేనడిగేది ఒక్కటే, పేర్ల జాబితా అక్కడితో ఆగకూడదని. బిగించిన చేతులు, కుదువపెట్టిన గాజులు, టీవీ వదులుకున్న సాయంత్రాలు, ఇవన్నీ చేరితేనే ఒక ఇంట్లో కంప్యూటరు వెలుగుతుంది. వీటిని ఎవరో దాచేయలేదు, ఎవరూ అడగలేదు, అంతే. మనం అడగొచ్చు. మా అమ్మలాంటి వాళ్లకి పైసలతో సహా గుర్తున్నాయి.

మరి మీ ఇంట్లో మొదటి కంప్యూటరు ఏ గదిలో పెట్టారు? ఎవరి డబ్బుతో కొన్నారు? మీ అమ్మగారిని అడిగి రాయండి.